కాలర్లు ఎవరు చూస్తారు?

మొన్న శనివారం మధ్యాహ్నం మా మనవరాలు షికాగో పక్కన నేపర్‌విల్ డౌన్‌టౌన్‌లోని పుస్తకాల షాపు నుంచి వచ్చి, బూట్లు కూడా విప్పకుండా ఒక లావుపాటి జపాన్ బొమ్మల కథల పుస్తకం నా ఒళ్లో పడేసి, చూస్తూ ఉండమని చెప్పి వంటింట్లోకి వెళ్లింది. నేను కళ్లజోడు తగిలించుకుని, ఎప్పటి అలవాటు కొద్దీ అట్ట తెరవబోయేసరికి అక్కణ్నుంచే కేక వేసింది.

"అమ్మమ్మా, రాంగ్ సైడ్! మాంగా బ్యాక్ నుంచి స్టార్ట్ చేయాలి. రైట్ టు లెఫ్ట్. నీకు తెలీదా?"

నాకు తెలీదా అని అడిగింది. పదిహేనేళ్ల పిల్ల, తప్పు దానిది కాదు. కానీ పుస్తకం తిప్పి అసలు అట్ట చూసి, కళ్లజోడు సరిచేసుకుని మళ్లీ చూశాను. వాన వెలిసిన వీధిలో గుమ్మం మీద కూర్చుని, ఒళ్లో చిరిగిన గొడుగు పెట్టుకుని దాని ఊచలు సరిచేస్తున్న ఒక ఆడమనిషి బొమ్మ అది. ఆ బొమ్మ గీసిన చెయ్యి నాకు తెలుసు, ఆ చేతి మధ్యవేలి మీద కలం ఒరుసుకుని లేచిన కాయ కూడా తెలుసు. ఆ పుస్తకం కోసం నా వంటింటి బల్ల మీద ఎన్ని శని ఆదివారాలు గడిచాయో తెలిసినవాళ్లు ఈ దేశంలో ఇప్పుడు నేనూ మా ఆయనా తప్ప ఇంకెవరూ లేరు.

లోపల ముందుమాట ఉంది. రాసిందెవరా అని చూస్తే ఒకప్పటి మా ఓనరు. తొంభై దగ్గర పడి ఉంటాయి ఆయనకి. పేరు కింద, ఈ రచయిత్రిని అమెరికాకి మొట్టమొదట పరిచయం చేసిన ప్రచురణకర్త అని గొప్పగా వేశారు. ఆవిడ గీసిన ప్రతి గీతనీ కళ్లకద్దుకుని కాపాడాననీ, ఆ రోజుల్లో ఇక్కడి పాఠకులు ఇలాంటి వాటికి సిద్ధంగా లేరు కనక ఒకటీ అరా సర్దుబాట్లు మాత్రం తప్పలేదనీ, వాటికి ఆవిడ నవ్వుతూ ఒప్పుకుందనీ రాసుకున్నారు. నవ్వుతూనట! నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఇంత కోపంలో కూడా ఆయన్ని 'వాడు' అనడానికి నోరు రాదు, ఏడేళ్లు జీతమిచ్చిన మనిషి. కానీ ఆ సర్దుబాటు ఏమిటో, ఆ నవ్వు ఎలాంటిదో ఎవరో ఒకరు చెప్పాలి కదా, అందుకే ఈ కాగితాలు ముందేసుకుని కూర్చున్నాను.

మన తరంవాళ్లకి డెబ్బైల చివర్లో షికాగో ఎలా ఉండేదో చెప్పక్కర్లేదు. కరివేపాకు కావాలంటే ఇండియన్ కొట్లున్న డెవాన్ వీధి దాకా డ్రైవ్ చేసుకుని వెళ్లాలి, వెళ్లినా ఉంటుందన్న నమ్మకం లేదు. చీర కట్టుకుని మంచులో బస్సు కోసం నిలబడితే కార్లలో వాళ్లు తల తిప్పి మరీ చూసేవాళ్లు. మా ఆయన వంతెనల ఇంజనీరు, మేము ఆర్లింగ్టన్ హైట్స్‌లో ఒక అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్లం. పెళ్లికి ముందు నేను బెజవాడలో ఒక వారపత్రికలో బొమ్మలు వేసేదాన్ని, కథల శీర్షికలకి అక్షరాలు రాసేదాన్ని. అక్కడ ఉండగా ఒకసారి ఫోటోలకి అచ్చు బ్లాకులు చేసే ఆయన నెగెటివ్ తిరగేసి పెట్టడంతో ఒక పెళ్లి ఫోటో అద్దంలో చూసినట్టు అచ్చయింది. పెళ్లికూతురి పైట కుడి భుజం మీదికి వచ్చేసింది. తెల్లవారేసరికి ఆ అమ్మాయి మేనమామ ఆఫీసుకి వచ్చి, మా పిల్లకి పైట వేసుకోవడం కూడా రాదనుకుంటున్నారా అని నానా రభసా చేశాడు. మా ఎడిటరుగారు ఆయనకి కాఫీ ఇప్పించి, తప్పు మాదే అని ఒప్పుకుని, పైవారం అదే ఫోటో సవ్యంగా వేసి క్షమాపణ కూడా అచ్చు వేశారు. బొమ్మ తిరగబడితే మనిషికి అవమానమని నేను నేర్చుకున్నది అక్కడే. అమెరికాలో అది మళ్లీ అక్కరకొస్తుందని అనుకోలేదు.

ఇక్కడ నాకు దొరికిన ఉద్యోగం ఒక చిన్న ప్రచురణ స్టూడియోలో. మొదట్లో కిరాణా షాపుల ప్రకటనలకి కోడి తొడల బొమ్మలూ సబ్బుల బొమ్మలూ కత్తిరించి మైనంతో అట్టల మీద అతికించే పని. మా ఓనరు మంచి మనిషే, అబద్ధం ఎందుకు చెప్పాలి. శుక్రవారం వచ్చిందంటే డోనట్ల పెట్టె తెచ్చేవారు. మా పాప పుట్టినప్పుడు ఉయ్యాల తొట్టె కొనిచ్చారు. అందర్నీ 'కిడ్డో' అనేవారు, వాళ్ల అమ్మ వయసున్న రిసెప్షనిస్టుని కూడా. ఎవరేం చెప్పినా తల ఊపుతూ వినేవారు. ఆ తల ఊపడమే నన్ను మోసం చేసింది, తల ఊపే మనిషి వింటున్నాడని అనుకునేదాన్ని. ఎనభైల్లో ఊరూరా కామిక్స్ షాపులు వెలుస్తున్న రోజుల్లో ఆయనకి బొమ్మల కథల పిచ్చి పట్టింది. నలుపూ తెలుపులో పుస్తకాలు వేయడం మొదలుపెట్టారు, నన్ను కోడి తొడల నుంచి అటు మార్చారు.

ఆ గొడుగు బొమ్మ గీసిన అక్క నాకు పరిచయమైంది మా అపార్ట్‌మెంట్ కింద బట్టలుతుక్కునే గదిలో. నాకంటే పది పన్నెండేళ్లు పెద్ద, బక్కపలచగా, జుట్టు పొట్టిగా కత్తిరించుకుని ఉండేది. నేను మా పాప బట్టలు మడత పెడుతుంటే ఆవిడ పక్క యంత్రం ముందు నిలబడి వేలికంటిన నల్ల సిరా మరకని సబ్బుతో తోముతోంది. ఆ మరక నీళ్లకి పోదని నాకు తెలుసు, నా వేలికీ అదే ఉంది. నా వేలు చూపించాను. ఆవిడ నా వేలు పట్టుకుని పరీక్షగా చూసి, పైకి తీసుకెళ్లి టీ ఇచ్చింది. ఆవిడ పేరు నా నోట సరిగ్గా పలకక అవస్థ పడుతుంటే, మీ భాషలో పెద్దవాళ్లని ఏమంటారని అడిగింది. అక్క అంటామని చెప్పాను. ఆ రోజు నుంచీ అక్కే.

ఆవిడ బతుకంతా బొమ్మలే. జపాన్‌లోని ఒసాకాలో తండ్రి లేని పిల్ల, తల్లి గొడుగులు బాగుచేసి పెంచింది. యుద్ధం అయిపోయిన కొత్తల్లో అక్కడ బొమ్మల కథల పుస్తకాలు అద్దెకిచ్చే కొట్లు ఉండేవట, మన దగ్గర నవలలు అద్దెకిచ్చినట్టే. స్కూలు వదలకుండానే ఆ కొట్ల కోసం కథలు గీయడం మొదలుపెట్టింది. తర్వాత టోక్యోలో ఆడపిల్లల వారపత్రికలో చేరింది. వారం వారం కథ, చేతికింద సహాయకులు, బల్ల కిందే నిద్ర. ఎడిటర్లందరూ మగవాళ్లే, ఆడపిల్లలకి ఏం కావాలో వాళ్లే చెప్పేవాళ్లట, కళ్లు ఇంకా పెద్దవిగా వెయ్యి, ఏడుపు ఇంకా ఎక్కువ పెట్టు అని. గడువు ముంచుకొస్తే ఆర్టిస్టుని ఒక హోటల్ గదిలో కూర్చోబెట్టి, పేజీలు పూర్తయ్యేదాకా బయటికి పంపకపోవడం అక్కడి పత్రికల పద్ధతి. ఫోన్లు కూడా ఎడిటరే అందుకునేవాడు. అలాంటి ఒక గదిలో ఆవిడ కూర్చుని ఉండగా తల్లి పోయిందని ఒసాకా నుంచి ఫోను వచ్చింది. ఆ ఎడిటరు విని, పెట్టేసి, ఆఖరి పేజీ మీద సిరా ఆరేదాకా చెప్పలేదు. ఆవిడ రైలెక్కి వెళ్లేసరికి అన్నీ అయిపోయాయి. పోయినవాళ్లకి కూతుళ్లూ కోడళ్లూ చేసే ఆఖరి అలంకారం వీధివాళ్లే చేసి పంపేశారు.

ఈ సంగతి నాకు చెప్పినప్పుడు అక్క గొంతు మామూలుగానే ఉంది. నాకే ఆగలేదు, ఆ ఎడిటరుని తెలుగులో తిట్టిపోశాను. ఆవిడకి అర్థం కాకపోయినా చెయ్యి పట్టుకుంది.

తర్వాత పెళ్లయింది, భర్త కంపెనీ వాళ్లు ఆయన్ని షికాగో పంపారు. ఇక్కడి వంటింట్లో గీసి పేజీలు విమానం పోస్టులో పంపుతూ ఉంటే, కళ్ల ముందు లేని మనిషితో మా వల్ల కాదని పత్రిక మానిపించింది. అప్పుడు ఎవరూ అడక్కుండా, ఎవరి గడువూ లేకుండా తనకోసం తను మొదలుపెట్టింది ఈ గొడుగులమ్మ కథ. అక్కడ ఒక చిన్న పత్రికలో వచ్చింది, పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు.

కథ చాలా చిన్నది. తల్లి గొడుగులు కుడుతుంది, కూతురు పెరుగుతుంది, వానలు వస్తాయి పోతాయి. ఇక ఆఖరి పేజీ. దాని గురించి చెప్పకపోతే మీకు నా కోపం అర్థం కాదు. జపాన్‌లో కిమోనో అనే వాళ్ల పొడుగాటి అంగీ కట్టుకునేటప్పుడు ఎడమ అంచు పైకి వచ్చేలా మెడ దగ్గర మడత వేస్తారు. ఆడా మగా, పిల్లా పెద్దా అందరూ అంతే. కుడి అంచు పైకి వేసేది ఒక్క శవానికే. ఆ ఆఖరి పేజీలో మొహం లేదు, మాట లేదు, ఏడుపు లేదు. తల్లి మెడ, దాని దగ్గర కూతురివి రెండు చేతులు, కుడి అంచుని ఎడమ అంచు మీదికి తెచ్చి సర్దుతున్నాయి. అంతే. కన్నతల్లికి చేయనివ్వని పనిని అక్క కాగితం మీద తన చేత్తో చేసుకుంది.

ఆ పేజీ చూస్తే ఎవరూ చెప్పకుండానే నాకు అర్థమైంది. చిన్నప్పుడు మా నాన్నగారు తద్దినం పెడుతూ, పురోహితుడు అపసవ్యం అనగానే జంధ్యం ఎడమ భుజం నుంచి కుడి భుజం మీదికి మార్చుకోవడం, మళ్లీ సవ్యం అనగానే ఇటు మార్చుకోవడం గుమ్మం దగ్గర నిలబడి చూసేదాన్ని. ఒక్క పోగు ఇటు నుంచి అటు మారితే పని బతికినవాళ్లది కాదు, పోయినవాళ్లది. అక్కకి ఆ మాట చెబితే, మీకూ ఉందా అని ఆశ్చర్యపోయింది.

ఆ పుస్తకం మా ఓనరు దగ్గరికి తీసుకెళ్లింది నేనే. అందుకు నన్ను నేను తిట్టుకోను, మంచి పుస్తకాన్ని మంచిదని చెప్పడం తప్పు కాదు. ఆయనకి నిజంగానే నచ్చింది. కాకపోతే ఒక చిక్కు. జపాన్ పుస్తకాలు కుడి నుంచి ఎడమకి చదవాలి కదా, అమెరికన్ పిల్ల ఏదీ పుస్తకం తిప్పి పట్టుకోదని ఆయన నమ్మకం. అందుకని కెమెరా దగ్గర నెగెటివ్ తిరగేసి ప్రతి పేజీనీ అద్దంలో చూసినట్టు అచ్చు వేయాలన్నారు. ఆ రోజుల్లో ఇలాంటి పుస్తకాలు తెచ్చిన వాళ్లందరూ చేసింది అదే. నాకు బెజవాడ మేనమామ గుర్తొచ్చాడు, ఏదో గొడవ అవుతుందని అప్పుడే అనిపించింది.

తిరగేసిన పేజీలు చూసి అక్క తెల్లబోయింది. పుస్తకంలో ఉన్న మనుషులందరూ, గొడుగు తెచ్చిన పోస్టుమనిషి దగ్గర నుంచి గోళీలాడే పిల్లల దాకా, శవాల్లా కిమోనోలు కట్టుకుని తిరుగుతున్నారు. నిజంగా పోయిన తల్లి ఒక్కతే బతికినవాళ్లలా ఉంది. ఇద్దరం కలిసి మా ఓనరుకి ఒక సాయంత్రం కూర్చోబెట్టి చెప్పాం. ఆయన తల ఊపుతూ విన్నారు. సరే, ఎడమ అంచు పైకి రావాలి, అంతేగా, మీ టైములో మీరు దిద్దుకుంటామంటే నాకేం అభ్యంతరం లేదన్నారు.

అలా మొదలైంది మా వంటింటి పని. ఆకులు రాలే రోజుల్లో మొదలుపెట్టి, మంచు కరిగేదాకా, ప్రతి శని ఆదివారాలూ తిరగేసిన పేజీలు బల్ల మీద పరుచుకుని ప్రతి మనిషి మెడ దగ్గరా తెల్లరంగు పూసి, మడత మార్చి మళ్లీ గీసేవాళ్లం. అక్క మనుషుల్ని దిద్దేది, వెనకాల గుంపులో నిలబడినవాళ్లు నా వంతు. అందరూ ఎడమచేత్తో అన్నం తింటున్నారు, అవి కూడా మారుద్దామా అని నేను అడిగాను, నాకు ఎడమచేతి ముద్ద చూస్తుంటే ఒళ్లు గగుర్పొడిచేది. అక్క నవ్వింది. ఎడమచేతివాళ్లయితే అవనీ చెల్లీ, ముందు వాళ్లని బతకనీ అంది. మా ఆయన పులిహోర కలిపి మా ఇద్దరి ముందూ పెట్టి, నూనె చేతులతో పేజీలు ముట్టుకోకండని పోలీసులా కాపలా కాసేవారు. మా పాప, అంటే ఇప్పుడు ఈ మనవరాలి తల్లి, బల్ల కింద కూర్చుని పనికిరాని కాగితాల మీద ముగ్గులేవో గీసుకునేది. ఆఖరి పేజీని మాత్రం అక్క ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. ఆ రోజు స్నానం చేసి వచ్చింది. కుడి అంచు పైకి తెచ్చి, సిరా ఆరేదాకా ఆ పేజీ ముందే కూర్చుంది.

పుస్తకం వచ్చింది. షికాగో ఉత్తరాన ఒక కామిక్స్ షాపులో శనివారం మధ్యాహ్నం సంతకాల కార్యక్రమం పెట్టారు. అక్క ఆ రోజు తల్లి కిమోనో కట్టుకుని వచ్చింది, ముదురు నీలం రంగుది. మా ఓనరు ఆవిడ భుజం మీద చెయ్యేసి ఫోటోలు దిగారు. బయటిదాకా లైను ఉంది, కాలేజీ పిల్లలు, ఒకరిద్దరు ముసలివాళ్లు. అక్క కూర్చుని మొదటి పుస్తకం అందుకుని, అలవాటుగా ఆఖరి పేజీ తెరిచింది.

పేజీలో ఎడమ అంచు పైకి ఉంది. పక్కనున్న ఖాళీలో ఒక మాటల బుడగ గీసి, హాయిగా నిద్రపో అమ్మా అని ఇంగ్లీషులో రాసి ఉంది.

నాకు ఒక్క క్షణం ఏమీ అర్థం కాలేదు. మా ఓనరు నా వెనకాలే నిలబడి, చాలా సంతోషంగా, నా చెవిలో చెప్పారు.

"ప్రింటింగ్‌కి వెళ్లే ముందు నేను చూశాను కాబట్టి సరిపోయింది, కిడ్డో. బుక్ అంతా కాలర్ ఒకలా ఉంది, లాస్ట్ పేజీలో రివర్స్‌లో ఉంది. మీరిద్దరూ బాగా టయర్డ్ అయిపోయారు. నేనే ఫిక్స్ చేశాను."

ఆ సాయంత్రమంతా కూర్చోబెట్టి చెప్పినదాంట్లో ఆయన చెవికెక్కింది ఆ ఒక్క ముక్క, ఎడమ అంచు పైకి రావాలి. ఎందుకు రావాలో, ఎక్కడ రాకూడదో ఏదీ ఎక్కలేదు. పైగా మా తప్పు దిద్దినందుకు మెచ్చుకుంటామని చూస్తున్నారు. ఆ తర్వాత నాకు జీవితంలో చాలా కోపాలు వచ్చాయి, ఏదీ అంత ఒళ్లు మండించలేదు. అప్పుడు మాత్రం మనసులో 'వాడు' అనే అనుకున్నాను.

అక్క కేకలు వేయలేదు. చేతిసంచిలోంచి కలమూ తెల్లరంగు సీసా తీసింది. బుడగ మీద తెల్లరంగు పూసింది, మడత మీద పూసింది, ఊదింది, ఆరాక కుడి అంచు పైకి తెచ్చి గీసి, కింద సంతకం పెట్టి ఆ పుస్తకం ఎదురుగా నిలబడిన పొడుగాటి కుర్రాడికి రెండు చేతులతో అందించింది. ఆ అబ్బాయి ఏం అడగలేదు, అలాగే రెండు చేతులతో అందుకున్నాడు. రెండో పుస్తకం తీసింది. ఇంకోటి తీసింది. లైను కదలట్లేదని వెనకవాళ్లు తొంగి చూశారు, కానీ ఎవరూ విసుక్కోలేదు, మధ్యలో వెళ్లిపోలేదు. విసుక్కున్నది మా ఓనరు. నవ్వుతూనే వచ్చి, ఆవిడ చేతి కింద తెరిచి ఉన్న పుస్తకాన్ని మూసేశారు.

"హనీ, జస్ట్ సైన్ చేస్తే చాలు. స్టాక్ పాడైపోతోంది."

అక్క ఆయన మొహంలోకి చూసింది. నవ్వింది కూడా. ముందుమాటలో రాసుకున్న నవ్వు అదే కాబోలు. జపాన్ వాళ్ల నవ్వు అన్నిసార్లూ ఒప్పుకోలు కాదని ఆయనకి ఎవరు చెబుతారు, చెప్పినా తల ఊపుతారు. కలం మూత పెట్టి, లేచి, లైనులో నిలబడిన వాళ్లకి నడుము వంచి నమస్కారం చేసి బయటికి నడిచింది. నేను వెంట వెళ్లాను. కార్‌లో ఇంటికి బయల్దేరాం. ఇంటి మలుపు దగ్గర, కిటికీలోంచి చూస్తూ అంది.

"అమ్మని రెండోసారి కూడా పంపనివ్వలేదు, చెల్లీ."

సోమవారం నేను మా ఓనరు గదిలోకి వెళ్లాను. ఈసారి నా దారిలో చెప్పి చూద్దామని మా నాన్నగారి జంధ్యం సంగతి ఎత్తాను. సవ్యం, అపసవ్యం, తద్దినం, అన్నీ భుజాల మీద చేత్తో చూపిస్తూ చెప్పాను. మా ఇంటి పితృకర్మల సంగతులు ఒక పరాయి ఆఫీసులో కుర్చీ ఎదురుగా నిలబడి అభినయించి చూపించాల్సి వచ్చినందుకు ఇప్పటికీ నాకు మండిపోతుంది. ఆయన శ్రద్ధగా విని, బ్యూటిఫుల్ అన్నారు. ఇదంతా నువ్వు రాయాలి కిడ్డో అన్నారు. మరి ఆ పేజీ అని అడిగాను. మళ్లీ అచ్చు వేసేటప్పుడు చూద్దామన్నారు. తర్వాత నా భుజం తట్టి ఒక మాట అన్నారు.

"బట్ ఆనెస్ట్‌లీ, కాలర్లు ఎవరు చూస్తారు?"

ఆ వారమే ఒక పేపర్లో సమీక్ష వచ్చింది. కష్టాలన్నీ గట్టెక్కిన తల్లి ఆఖరికి కూతురి చేతుల మీద హాయిగా నిద్రపోయే చల్లని ముగింపు అని మెచ్చుకున్నారు. దాన్ని ఫ్రేము కట్టించి రిసెప్షన్ దగ్గర తగిలించారు. నేను ఆ ఫ్రేము కింద నుంచి రోజూ నడవలేక ఉద్యోగం మానేసి, ఒక స్కూలు డిస్ట్రిక్ట్‌లో ఫారాలు అచ్చు వేసే విభాగంలో చేరాను. మా వాళ్లలో కొందరు, అంత మంచి బాసుని వదులుకుంటారా ఎవరైనా, ఒక బొమ్మ కోసమా అని నవ్వారు. వాళ్లకీ తలలు ఊపడం బాగా వచ్చు. మళ్లీ అచ్చు వేయడం అనేది జరగనేలేదు.

తర్వాత ఏడాదో ఆపై ఏడాదో అక్క భర్తని వెనక్కి పిలిచారు. వెళ్లేటప్పుడు తెల్లరంగు సీసా నాకిచ్చి వెళ్లింది, అది ఎప్పుడో గడ్డకట్టుకుపోయింది. అక్కడికెళ్లాక మళ్లీ కలం పట్టింది. వంటిళ్లలో, కొట్లలో, ఆసుపత్రి వరండాల్లో ఉండే మామూలు ఆడవాళ్ల కథలు గీసింది. ముసలితనంలో పెద్దపేరు వచ్చింది, ఎవరూ పట్టించుకోని గొడుగులమ్మని అక్కడి స్కూలు పిల్లలు చదివారు. అమెరికా నుంచి ఎవరు అడిగినా ఇవ్వనని మాత్రం బతికున్నంత కాలం పట్టుబట్టింది. కొత్త సంవత్సరానికి నాకు కార్డు వచ్చేది, వాళ్ల లెక్కలో ఆ ఏడాదికి వచ్చే జంతువు బొమ్మ, ఎలుకో కుందేలో, దానికీ బుద్ధిగా ఎడమ అంచు పైకి మడిచిన చిన్న కిమోనో. కొన్నేళ్ల కిందట కార్డు రావడం ఆగిపోయింది. ఆవిడ చెల్లెలి కూతురు ఇప్పుడు ఈ కొత్త ప్రచురణకి ఒప్పుకున్నదట, తిరగేయకుండా ఉన్నదున్నట్టు వేస్తేనే అన్న షరతు మీద. ఆ ముందుమాట ఎవరిచేత రాయిస్తున్నారో ఆ అమ్మాయి కనుక్కోలేదు కాబోలు, కనుక్కుని ఉంటే బావుండేది.

ఆ రోజు షాపులో అక్క దిద్ది ఇచ్చిన పుస్తకాలు ఏవో కొన్ని షికాగో చుట్టుపక్కల ఎవరి అటకల మీదో ఉండే ఉంటాయి. లైబ్రరీవాళ్లు పాత పుస్తకాలు అమ్మినప్పుడల్లా నేను వెళ్తాను. పాత కామిక్స్ పెట్టెలు కిందిదాకా వెతుకుతాను, ఆ పుస్తకం రెండుసార్లు దొరికింది కూడా. రెండుసార్లూ ఆఖరి పేజీలో తల్లి హాయిగా నిద్రపోతోంది. కొనకుండా పెట్టెలో పెట్టేసి వచ్చాను.

ఇదంతా మా మనవరాలికి నేను చెప్పలేదు. కోపంలో ఉన్నప్పుడు నా ఇంగ్లీషు తడబడుతుంది, దాని తెలుగు ఎలాగూ అంతంతమాత్రం. పుస్తకం దానికే తిరిగిచ్చేశాను. అది సోఫాలో కాళ్లు ముడుచుకుని, కుడి నుంచి ఎడమకి, ఏ ఇబ్బందీ లేకుండా, మధ్యలో నా చేత పకోడీలు వేయించుకుని తింటూ సాయంత్రం దాకా చదివింది. చివరికొచ్చాక పకోడీ తినడం ఆపేసింది. పేజీలు వెనక్కి తిప్పి ఏదో చూసుకుంది, మళ్లీ ముందుకొచ్చింది. తర్వాత తల ఎత్తి నన్ను అడిగింది.

"అమ్మమ్మా, వాళ్ల అమ్మ చనిపోయింది, రైట్? ఎవరూ చెప్పలేదు. బట్ కాలర్ రివర్స్‌లో ఉంది. అంతకుముందు అందరికీ ఇటు ఉంది, నేను చెక్ చేశాను."

నేను అవునన్నాను. ఈ దేశంలోనే పుట్టిన పిల్ల, కిమోనో కట్టిన మనిషిని ఎన్నడూ దగ్గరగా చూసి ఎరగదు, దానికి ఎవరూ ఏ సంప్రదాయమూ చెప్పలేదు. బొమ్మ చూసింది, మళ్లీ చూసింది, తెలుసుకుంది. ఆ రోజు లైనులో నిలబడి, రెండు చేతులతో పుస్తకం అందుకున్న ఆ పొడుగాటి కుర్రాడు మాత్రం తెలుసుకోలేడా? సిద్ధంగా లేరట. ఎవరిని అడిగారు? ఇప్పుడు ఏ ఊళ్లో చూసినా అల్మారాల నిండా ఈ పుస్తకాలే, పిల్లలందరూ కుడి నుంచే తెరుస్తున్నారు, పైగా ఎడమ నుంచి తెరిచిన ముసలమ్మలకి నేర్పుతున్నారు. అంతా మారింది, మంచికే మారింది, నాకు సంతోషమే. ఆ సంతోషం పక్కనే కోపం కూడా కూర్చుని ఉంది, ఈ వయసులో దాన్ని లేపి పంపేయాలని నాకు లేదు. కాలర్లు ఎవరు చూస్తారని అడిగారు కదా మా ఓనరు, ఇదిగో, చూసే పిల్ల మా ఇంట్లోనే ఉంది. ఆ మాట విని సంతోషపడాల్సిన మనిషి మాత్రం లేదు.